చామంతికి కోళ్ల ఎరువు వేశాక పేనుబంక పెరిగింది, ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. మాది చేవెళ్ల దగ్గర. అర ఎకరంలో చామంతి వేశాను. పూలు కాడలతో కోసి గుడిమల్కాపూర్ మార్కెట్‌కు పంపుతాం. ఈసారి యూరియా పూర్తిగా మానేసి, బాగా మాగని కోళ్ల ఎరువు వేశాను. అదే తప్పయిందేమో. ఆకు ముదురు పచ్చగా, ఏపుగా ఉంది కానీ కాడలు మెత్తబడి వంగిపోతున్నాయి. లేత చిగుళ్ల నిండా పేనుబంక, దాని వెనకే చీమలు. నత్రజని ఎక్కువైతే రసం పీల్చే పురుగులు ఎగబడతాయని పక్క రైతన్న అన్నాడు.

లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కొంచెం సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం పూట రెండుసార్లు కొట్టాను. కొంత తగ్గింది, వారానికే మళ్లీ వచ్చింది. మొగ్గలు విచ్చే వేళ కాబట్టి చాలా టెన్షన్‌గా ఉంది. ఇప్పుడు జీవామృతం (ఆవు పేడ, మూత్రం, బెల్లం కలిపి పులియబెట్టిన ద్రావణం) పారిస్తే నత్రజని ఇంకా ఎక్కువవుతుందా? వేపపిండి మొదళ్లలో వేయడానికి ఆలస్యమైందా? కాడ గట్టిపడటానికి బూడిద వాడినవాళ్లు ఉంటే, ఎంత వేశారో దయచేసి చెప్పండి. రసాయన మందుల జోలికి మళ్లీ పోవాలని లేదు.