సింగిల్ ఎలక్ట్రాన్ ట్రాన్సిస్టర్ మాస్‌ఫెట్ స్థానంలోకి వస్తుందా?

పర్లాకిమిడి విద్యార్థి:
ఎమ్మెస్సీ సెమినార్‌కి ఈ టాపిక్ తీసుకున్నాను. ఎలక్ట్రాన్లు ఒక్కొక్కటిగా దాటుతాయి కాబట్టి కరెంటు ఖర్చు చాలా తక్కువ. రేపు ఫోన్ చిప్పుల్లో ఇప్పుడు స్విచ్‌గా వాడే మామూలు ట్రాన్సిస్టర్, అదే మాస్‌ఫెట్, పోయి ఇదే వస్తుందని రాయొచ్చా?

రాయగడ మాస్టారు:
అలా రాయకు బాబూ. ఎలక్ట్రాన్లు వచ్చే కొస సోర్సుకీ, వెళ్ళే కొస డ్రెయిన్‌కీ మధ్య ఐలండ్ అనే అతి చిన్న ముక్క ఉంటుంది. దానికి రెండు పక్కలా పల్చటి ఇన్సులేటర్ పొర. ఎలక్ట్రాన్ టనెలింగ్ ద్వారానే, అంటే క్వాంటమ్ పద్ధతిలో ఆ పొరని దాటుకునే, లోపలికి రావాలి. ఒకటి చేరగానే ఐలండ్ వోల్టేజీ మారిపోయి తర్వాతదాన్ని రానివ్వదు. దీన్నే కూలాంబ్ బ్లాకేడ్ అంటారు. గేట్ అంటే కరెంటుని అదుపు చేసే మూడో కొస. దాని వోల్టేజీ పెంచుతుంటే ఒకచోట ఆ అడ్డు తొలగుతుంది. అప్పుడు ఒకటి దిగాక ఇంకొకటి ఎక్కుతూ కరెంటు పారుతుంది. ఇంకాస్త పెంచితే మళ్లీ ఆగుతుంది, మళ్లీ పారుతుంది. మాస్‌ఫెట్ ఇలా చెయ్యదు.

అసలు చిక్కు వేడి. ఐలండ్ కెపాసిటెన్స్ (చార్జిని పట్టి ఉంచే సామర్థ్యం) 1 అటోఫారడ్, అంటే ఫారడ్‌లో పది లక్షల కోట్ల కోట్లో... అతి చిన్న భాగం, అయితే ఆ అడ్డు సుమారు 80 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టులు. గది ఉష్ణోగ్రత దగ్గర ఎలక్ట్రాన్‌కి వేడి వల్ల వచ్చే శక్తి అదే కొలతలో 26. మూడు రెట్లే తేడా, అది చాలదు; వేడికే కొన్ని ఎలక్ట్రాన్లు అడ్డు దాటేస్తాయి. 1987లో బెల్ ల్యాబ్స్‌లో ఫుల్టన్, డోలన్ మొదటిసారి చేసి చూపించింది పరమ శూన్య ఉష్ణోగ్రతకి (సుమారు మైనస్ 273 డిగ్రీలు) అతి దగ్గరి చలిలో.

సిరొంచ ఇంజినీర్:
సార్, 1996లోనే జపాన్‌లో టైటానియం మీద గది వేడిలో పనిచేసేది చేసి చూపించారు కదా. మా దగ్గర 45 డిగ్రీల ఎండలో కూడా ఆ 26 కాస్తా 27 అవుతుందంతే. ఐలండ్ కొన్ని నానోమీటర్లకు తగ్గిస్తే కెపాసిటెన్స్ తగ్గి అడ్డు పెరుగుతుంది, సరిపోతుంది. ఇప్పుడే తలుపు మూసెయ్యడం తొందరపాటు.

రాయగడ మాస్టారు:
ఒకటి చెయ్యడం వేరు, కోట్లలో ఒకేలా చెయ్యడం వేరు తమ్ముడూ. పక్కన ఇన్సులేటర్‌లో ఎక్కడో ఒక చార్జి చిక్కుకుంటే చాలు, ఆ ట్రాన్సిస్టర్ తెరుచుకునే వోల్టేజీ జరిగిపోతుంది. ఏది ఎంత జరుగుతుందో ముందుగా చెప్పలేం. పైగా గెయిన్ (సిగ్నల్‌ని పెంచే శక్తి) తక్కువ, సర్క్యూట్‌లో తర్వాతి ట్రాన్సిస్టర్‌ని నడిపే బలం ఉండదు.

కానీ చార్జికి అంత సున్నితంగా ఉండటమే దీని గొప్ప. ఎలక్ట్రాన్ చార్జిలో అతి చిన్న భాగాన్ని కూడా కొలుస్తుంది. క్వాంటమ్ డాట్ క్యూబిట్ (అతి చిన్న ముక్కలో ఎలక్ట్రాన్‌ని పట్టి ఉంచి చేసే క్వాంటమ్ కంప్యూటర్ బిట్) స్థితిని చదవడానికి వాడుతున్నది ఆ గుణాన్నే. సెమినార్‌లో దీన్ని స్విచ్‌గా కాదు, కొలిచే పరికరంగా చూపించు.

సిరొంచ ఇంజినీర్:
కొలతకి తిరుగులేదు, ఒప్పుకుంటా. కానీ మాస్‌ఫెట్‌తో కలిపి వాడే హైబ్రిడ్ సర్క్యూట్లను కూడా ఒక స్లైడ్‌లో పెట్టమ్మా. గెయిన్ లోటు మాస్‌ఫెట్ తీరుస్తుంది.

పర్లాకిమిడి విద్యార్థి:
సరే అన్నా, పెడతాను. మాస్టారూ, ఆ 80 ఎలా వచ్చిందో బోర్డు మీద లెక్క కట్టి చూపిస్తాను.