మిషన్ 'నార్మల్' అంది, చీటీ మీద రాసింది నేను. తప్పెవరిది?

ప్రశ్న (కంటి టెక్నీషియన్, ఖమ్మం జిల్లా):
షుగర్ క్యాంపుల్లో రెటీనా (కంటి వెనక పొర) ఫోటోలు తీస్తాను. షుగర్ వల్ల అది దెబ్బతిందో లేదో మిషన్‌లోని ఏఐ చెప్తే చీటీ రాసిస్తాను. పోయిన నెల ఒక పెద్దాయన "అమ్మా, కంటి ముందు నల్లగా ఏవో తేలుతున్నాయి" అన్నాడు. మిషన్ నార్మల్ అంది. అదే రాసి పంపేశాను. వారానికే కంట్లో రక్తం కారిందట. ఆ చీటీలో చేతిరాత నాదే. నిద్ర పట్టడం లేదు.

కంటి డాక్టర్:
అమ్మా, 2018లో అమెరికాలో మందులకూ వైద్య పరికరాలకూ అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ ఇలాంటి ఏఐకి మొదటిసారి అనుమతిచ్చినప్పుడే, చూపు మసకబారినవాళ్లకూ, నలకలు తేలుతున్నాయనేవాళ్లకూ అది వాడొద్దని చెప్పింది. ఏ లక్షణాలూ లేనివాళ్లను వడకట్టడానికే అది. ఆయన్ను ఫోటోతో పనిలేకుండా అదే రోజు డాక్టర్ దగ్గరకు పంపాల్సింది. ఈ ముక్క నీకు నేర్పకుండా క్యాంపులో నిలబెట్టినవాళ్లదే పెద్ద తప్పు.

లాయర్:
మన 2020 టెలిమెడిసిన్ (ఫోన్లో, వీడియోలో చేసే దూరవైద్యం) మార్గదర్శకాలు కూడా ఏఐ డాక్టరుకు సాయపడొచ్చు గానీ, మందు రాయకూడదనీ, రోగికి సలహా ఇవ్వకూడదనీ అంటాయి. నీ చీటీ మీద డాక్టర్ సంతకం ఉందా?

ప్రశ్న అడిగినామె:
లేదండీ. నిన్న ఆయన ఇంటికెళ్లి జరిగింది చెప్పాను. ఆపరేషన్‌కు తీసుకెళ్తున్నారు, నేనూ వెళ్తున్నా. ఇకమీదట "ఏమైనా తేలుతున్నాయా?" అని అడిగాకే కెమెరా ముట్టుకుంటాను.