స్టిల్ట్ (కింది పార్కింగ్) పిల్లర్లకు జాకెటింగ్ (చుట్టూ కొత్త రాడ్లు, కాంక్రీటు తొడుగు) చేయించాలా, వద్దా? (విజయవాడ)

కృష్ణలంక_సివిల్: 2024 డిసెంబరు 4న ములుగులో 5.3 భూకంపం వస్తే బెజవాడలోనూ ఊగింది. 2016 భూకంప మ్యాపులో మనది జోన్ 3 (నంబరు పెరిగేకొద్దీ ప్రమాదం ఎక్కువ). కింద పార్కింగ్, పైన అయిదు అంతస్తులున్న పాత అపార్ట్‌మెంట్లలో పై గోడలన్నీ కలిసి పెట్టెలా బిగుసుకుంటాయి, ఊపంతా కింది పిల్లర్ల మీదే పడుతుంది. జాకెటింగ్ తప్పదు.

ఫ్లాట్_302: 1969లో భద్రాచలం దగ్గర వచ్చిందే 5.7. అంతకు మించి ఇక్కడెప్పుడొచ్చింది?

కృష్ణలంక_సివిల్: 1993లో మహారాష్ట్రలోని కిల్లారి కూడా అప్పటి మ్యాపులో జోన్ 1. వచ్చింది 6.2.

ఫ్లాట్_302: అక్కడ కూలినవి మట్టితో కట్టిన రాతి ఇళ్లండీ. పిల్లర్ల బిల్డింగులతో పోలికేంటి?

కృష్ణలంక_సివిల్: అయితే అహ్మదాబాద్ చూడండి, అదీ జోన్ 3యే. 2001లో భుజ్‌కి 200 కి.మీ. పైగా దూరంలో ఉండి కూడా ఇలా కింద ఖాళీగా వదిలినవి కూలాయి.

ఫ్లాట్_302: అది 7.7!

రాడ్_బెండింగ్: ముందు రింగులు (నిలువు రాడ్ల చుట్టూ కట్టే సన్నని రాడ్లు) చూడండి. ఇంజనీరును నిలబెట్టి, ఒక పిల్లరుకు నేల నుంచి 450 మి.మీ. లోపు కవర్ (రాడ్ల మీది కాంక్రీటు పొర) చెక్కించండి. రింగు కొస కొక్కెం 90 డిగ్రీలకే వంచి ఉంటే కవర్ రాలగానే రింగు విచ్చుకుంటుంది, నిలువు రాడ్లు బయటికి వంగిపోతాయి. 135 డిగ్రీలు వంచి, కొస కనీసం 65 మి.మీ. లోపలికి పోవాలి. రింగుకూ రింగుకూ మధ్య 100 మి.మీ. మించకూడదు. 9 అంగుళాల పిల్లరుకైతే 57 మి.మీ.

ఫ్లాట్_302: అది 2016 కోడ్ (భూకంపాలకు తట్టుకునేలా కట్టే నియమాలు). పాత బిల్డింగుకు ఎలా పెడతారు?

రాడ్_బెండింగ్: 135 డిగ్రీలు 1993 కోడ్‌లోనే ఉంది. కొస అప్పుడు 75 అన్నారు.

సత్య_గుణదల: ఈలోగా బీరువాలను గోడకు క్లాంపులతో బిగించుకోండి.

కృష్ణలంక_సివిల్: 302 గారూ, మీ బాధ కోడ్ గురించి కాదు. పార్కింగ్ పోతుందనే కదా?

ఫ్లాట్_302: అవును, అదే! జాకెట్ ప్రతి వైపూ 100 మి.మీ. 9 అంగుళాల పిల్లరు 17 అవుతుంది. రెండు కార్లు పట్టేచోట ఒకటే పడుతుంది. ఖర్చు అందరికీ, స్లాటు మాత్రం కొందరికే పోవాలా? ఎవరిది పోతుందో ముందు చెప్పండి.

కృష్ణలంక_సివిల్: ఆ మాట మొదటే అనాల్సింది. కార్లు పోని చోట పిల్లర్ల మధ్య ఆర్‌సీసీ గోడలు కట్టొచ్చు. రెండు దిశల్లోనూ, ఎదురెదురుగా. ఒక మూలనే కడితే బిల్డింగు మెలితిరుగుతుంది. గోడ కింద ఫుటింగ్ (పునాది) కూడా కావాలి.

రాడ్_బెండింగ్: జాకెట్టే వేస్తే రాడ్లు ఫుటింగ్‌లోకి దిగాలి, స్లాబ్‌కు రంధ్రాలు వేసి పైకీ పోవాలి. స్లాబ్ కిందే ఆపితే పిల్లరు లావవుతుంది గానీ జాయింట్ పాతదే.

ఫ్లాట్_302: గోడల ప్లాన్ స్లాటు నంబర్లతో గీసి పెట్టండి. చెక్కడం నా స్లాటు పక్క పిల్లరుతోనే మొదలుపెట్టండి, ఒప్పుకుంటాను. జాకెట్‌కి మాత్రం సంతకం పెట్టను.