కణం పాఠంలో తెలుగు పదాలు ఉంచాలా, వదిలేయాలా?

ఆదోని టీచరమ్మ:
ఎనిమిదో తరగతికి కణం పాఠం చెప్తున్నా. మా తోటి మాస్టారు ఒకాయన "పుస్తకం ఎటూ ఒక పక్క తెలుగు, ఒక పక్క ఇంగ్లీషు ఉంది, పిల్లలు పరీక్ష రాసేది ఇంగ్లీషులో, ఇంక కణత్వచం, రిక్తిక అని వాళ్ళ బుర్ర తినడం ఎందుకు, మెంబ్రేన్, వాక్యూల్ అని చెప్పేసి పొండి" అంటున్నారు. నాకు మనసొప్పలేదు. మీరేమంటారు?

ప్రొద్దుటూరు నాన్న:
మాస్టారు చెప్పిందే కరెక్ట్ మేడం. మా పాప పది వరకు తెలుగు మీడియం. బైపీసీలో చేరిన కొత్తలో క్లాసులో ఎండోప్లాస్మిక్ రెటిక్యులం అని చెప్తుంటే, అది తను చదివిన అంతర్జీవద్రవ్యజాలమే అని తెలియక ఇంటికొచ్చి ఏడ్చింది. వచ్చిన పాఠమే రానట్టయిపోయింది. అయినా అంతర్జీవద్రవ్యజాలం మాత్రం తెలుగా? మా ఇంట్లో ఎవరి నోటా వినలేదు. అదీ బట్టీనే, ఇదీ బట్టీనే, పనికొచ్చేదే బట్టీ కొట్టనీండి.

గుంతకల్లు బయాలజీ:
అన్నా, పాప ఏడ్చిందంటే బాధగానే ఉంది. కానీ తప్పు పదానిది కాదు, రెండు పేర్లూ పక్కపక్కన పెట్టి చెప్పకపోవడంలో ఉంది. కవచం అనే మాట చూడండి, కర్ణుడి కథ విన్న పిల్లోడికెవరికైనా తెలుసు, ఒంటి మీద గట్టిగా ఉండేది అని. త్వచం అంటే చర్మం. మొక్క కణానికి చర్మం మీద కవచం కూడా ఉంది, జంతు కణానికి చర్మమే. ఇంత చెప్తే వాల్, మెంబ్రేన్ తేడా మళ్ళీ మర్చిపోరు. సెల్ అనే పేరు మాత్రం ఎట్లా వచ్చింది? 1665లో రాబర్ట్ హుక్ బెండు ముక్కను సూక్ష్మదర్శినిలో చూసి, చిన్న గదుల్లా ఉన్నాయని పెట్టాడు. ఆయన చూసింది చచ్చిన కణాల గోడలే. మన పిల్లలకు సెల్ అంటే ముందు ఫోనే గుర్తొస్తుంది.

కర్నూలు డిగ్రీ స్టూడెంట్:
కణం అన్నా తికమకే కదా అక్కా. ఫిజిక్స్‌లో ఆల్ఫా కణం, బయాలజీలో రక్త కణం. తొమ్మిదో తరగతిలో రెండూ ఒకే రకం అనుకున్నాను, ఎవరూ విడదీసి చెప్పలేదు. ఒకటి పరమాణువు కంటే చిన్నది, ఇంకొకటి కోట్ల కోట్ల పరమాణువులు కలిసింది. తెలుగులో చెప్పేవాళ్ళు ఇది కూడా చెప్పాలి.

ఆదోని టీచరమ్మ:
నిజమే తమ్ముడూ, రేపే చెప్తా. ఈరోజు క్లాసులో జరిగింది వినండి. ఎర్రగడ్డ (ఉల్లిపాయ) రేకు బయటివైపు రంగు పొరను చిన్న ముక్క తీసి, నీటి చుక్కలో పెట్టి చూపించాను. గదులు గదులుగా, లోపలంతా ఊదా రంగు. తర్వాత పక్క నుంచి ఉప్పు నీళ్ళు చుక్క వేసి, ఇంకో పక్క కాగితంతో నీళ్ళు పీల్చాను. కొన్ని నిమిషాలకు ఒక పిల్ల "మేడం, కవచం అట్లే ఉంది, లోపల సంచి ముడుచుకుంది" అని అరిచింది. ఆ పిల్ల మెంబ్రేన్ అనే మాట ఇంకా సరిగ్గా పలకలేదు, కానీ త్వచం కవచం నుంచి విడిపోవడం కళ్ళారా చూసి తన మాటల్లో చెప్పింది. ఇంకోడు అడిగాడు, రిక్తహస్తాలు అంటే ఖాళీ చేతులు కదా, మరి రంగు రసమంతా ఉన్న దాన్ని రిక్తిక అంటారేంటి అని. మంచి ప్రశ్న. వాక్యూల్‌కు మూలమైన లాటిన్ మాటకూ ఖాళీ అనే అర్థం, నిజానికి నిండా రసమే అని చెప్పాను. మాట అర్థమైంది కాబట్టే వాడికి ఆ అనుమానం వచ్చింది.

ప్రొద్దుటూరు అన్నా, అంతర్జీవద్రవ్యజాలం విషయంలో మీతో ఏకీభవిస్తా, దాన్ని ఇంగ్లీషులోనే చెప్తా. మైటోకాండ్రియాను మన పుస్తకాల్లో కూడా అట్లే ఉంచారు, ఏ ఇబ్బందీ లేదు. కవచం, త్వచం, కేంద్రకం, హరితరేణువు మాత్రం వదలను. బోర్డు మీద రెండు పేర్లూ పక్కపక్కన రాస్తా.

ప్రొద్దుటూరు నాన్న:
రెండూ రాస్తానంటే నాకు అభ్యంతరం లేదు మేడం. ఉప్పు నీళ్ళు ఎంత చిక్కగా కలపాలో చెప్పండి, పాప కాలేజీలో చేసి చూస్తానంటోంది.

ఆదోని టీచరమ్మ:
అర గ్లాసు నీళ్ళకు రెండు చెంచాల ఉప్పు. పొర పలచగా రావాలి, కింది కండ అంటుకుంటే ఏమీ కనపడదు.