ఏడేళ్ల పాపకి ఏ పెట్ మంచిది? అద్దె ఇల్లు, ఇద్దరం ఉద్యోగాలు

కొత్తగా వచ్చినవాళ్ళం:
అందరికీ నమస్కారం. మేం ఇక్కడికి వచ్చి ఐదు నెలలైంది. పాపకి ఏడేళ్లు. భాష ఇంకా సరిగ్గా రాక స్కూల్లో ఎవరితోనూ కలవడం లేదు. క్లాసులో ఒకమ్మాయి వాళ్ళింట్లో హామ్‌స్టర్ (చిట్టెలుకలాంటిది) ఉందట, అప్పట్నుంచి "నాకూ ఒకటి కావాలి" అని రోజూ ఒకటే గోల. మేమిద్దరం పొద్దున ఎనిమిదింటికి వెళ్తే సాయంత్రం ఆరింటికి వస్తాం. రెండో అంతస్తులో చిన్న ఫ్లాట్. జంతువుల్ని పెంచిన అనుభవం మాకు బొత్తిగా లేదు. హామ్‌స్టరా, కుందేలా, చేపలా? ఏది సులువో చెప్పగలరా?

అద్దె కష్టాలు:
అమ్మా, ఏ జంతువు అన్నది తర్వాత సంగతి. ముందు మీ లీజు కాగితం తీసి పెట్స్ గురించి ఏం రాసుందో చదవండి. నేను చదవలేదు. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను, ఓపిక పట్టండి.

మా బాబుకి ఆరేళ్లప్పుడు కుందేలు తెచ్చాం. ఏజెంట్‌ని అడిగితే "చిన్నదేగా, పర్వాలేదు" అన్నాడు. నోటి మాట. ఏడాది తిరిగేసరికి ఆ ఏజెంట్ వెళ్ళిపోయాడు, కొత్తావిడ వచ్చింది. ఇల్లు చూడటానికి వస్తున్నామని మెయిల్ పెట్టింది. నాకు భయమేసి కుందేల్ని బాత్రూంలో పెట్టి తలుపేశాను. కుందేలు భయపడితే వెనక కాలితో నేలని కొడుతుందని నాకేం తెలుసు? ఆవిడ హాల్లో నిలబడి ఉండగా లోపల్నుంచి దబ్, దబ్ అని చప్పుడు. "ప్లంబర్ వచ్చాడా?" అనడిగింది. నేను జవాబు వెతుక్కునేలోపు మావాడే వెళ్ళి తలుపు తీశాడు.

ఆ రోజు ఏమీ అనలేదు. ఇల్లు ఖాళీ చేసినప్పుడు బిల్లు పంపారు. గోడ అడుగున చెక్కపట్టీ కొరికిన మాట నిజమే, ఒక మూల కార్పెట్ పీకిన మాటా నిజమే. కానీ ఇల్లంతా కార్పెట్ మార్చిన ఖర్చు మా మీద వేశారు. అనుమతి ఇచ్చారు కదా అంటే, కాగితం చూపించమన్నారు. నాలుగు నెలలు ఉత్తరాలు నడిచాయి. చివరికి, మేం ఆ ఇంట్లో చేరిన రోజు తీసిన ఫోటోల్లో ఆ కార్పెట్ అప్పటికే మాసిపోయి కనిపించింది కాబట్టి సగం డిపాజిట్ చేతికొచ్చింది. లేకపోతే అదీ లేదు.

కాబట్టి ఒక్క లైనైనా సరే, మెయిల్లో అనుమతి తీసుకోండి. జంతువు పేరు, ఎన్ని అన్నది అందులో ఉండాలి.

పదేళ్ల పాతకాపు:
అన్నా, భయపెట్టకండి. పెట్ అంటే లెక్కలోకి వచ్చేది కుక్క, పిల్లి మాత్రమే. బోనులో ఉండేవాటికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. రూల్ అది.

అద్దె కష్టాలు:
ఏ రూల్? మీ లీజులో అలా ఉందేమో. మా తర్వాతి ఇంటి లీజులో "ఏ రకమైన ప్రాణి అయినా" అని ఉంది. అక్వేరియంకి విడిగా ఇంకో వాక్యం. ఇంటింటికీ మారేదాన్ని రూల్ అంటే ఎలా?

గినీ పిగ్ అమ్మ:
వాళ్ళ గొడవ వాళ్ళని పడనివ్వండి, నేను పాప సంగతి చెప్తాను. హామ్‌స్టర్ చూడ్డానికి ముద్దుగా ఉంటుంది, కానీ అది రాత్రి తిరిగే జంతువు. పాప స్కూల్ నుంచి వచ్చేసరికి పడుకుని ఉంటుంది, పాప పడుకున్నాక లేచి తెల్లారేదాకా చక్రం తిప్పుతుంది. మా పెద్దమ్మాయి ఆగలేక నిద్రపోతున్నదాన్ని చేత్తో తీసింది. వేలు కొరికేసింది. తప్పు దానిది కాదు. ఆ తర్వాత మా అమ్మాయి దాని దగ్గరికి వెళ్ళలేదు, రెండేళ్లు నేనే చూశాను. అవి బతికేదే రెండు మూడేళ్లు. చచ్చిపోయిన రోజు మాత్రం ఏడ్చింది అమ్మాయే. సిరియన్ రకం తెస్తే ఒక్కటే తేవాలి, జత పెడితే కొట్టుకుని చస్తాయి.

గినీ పిగ్‌లు, అంటే తోక లేని బొద్దు ఎలుకల్లాంటివి, దీనికి పూర్తిగా వేరు. పగలు మేలుకుని ఉంటాయి, అరుదుగా కొరుకుతాయి, ఫ్రిజ్ తలుపు చప్పుడు వింటే ఈల వేసినట్టు అరుస్తాయి. పిల్లలకి ఆ అరుపే పండగ. కానీ ఒంటరిగా పెంచకూడదు, రెండు ఉండాలి. స్విట్జర్లాండ్‌లో అయితే ఒక్కదాన్నే పెంచడం చట్టరీత్యా కుదరదు. మనిషిలాగే వాటి శరీరం విటమిన్ సి తయారు చేసుకోలేదు, రోజూ క్యాప్సికం లాంటిది పెట్టాలి. ఎండుగడ్డి ఇరవై నాలుగ్గంటలూ ముందుండాలి, పళ్ళు అరగాలి కదా. ఐదు నుంచి ఎనిమిదేళ్లు బతుకుతాయి.

ఇంకొకటి. షాపులో "రెండూ ఆడవే" అంటే నమ్మకండి. మాకూ అలాగే చెప్పారు. రెండు నెలలు తిరిగేసరికి ఐదయ్యాయి. వెట్‌కి, అంటే జంతువుల డాక్టర్‌కి, చూపించి నిర్ధారించుకోండి. అన్నట్టు, అందరు వెట్‌లూ చిన్న జంతువుల్ని చూడరు. కొనకముందే ఫోన్ చేసి కనుక్కోండి.

నీళ్ళ పిచ్చి:
ఇద్దరూ పది గంటలు బయటుండే ఇంటికి చేపలే. అయితే గాజు గిన్నెలో గోల్డ్‌ఫిష్ వేసే పని మాత్రం చెయ్యకండి. చేప విసర్జించే అమ్మోనియా ఆ నీళ్ళలోనే ఉండిపోయి దాన్ని చంపేస్తుంది. ఫిల్టర్‌లో బాక్టీరియా పెరిగి అమ్మోనియాని నైట్రైట్‌గా, దాన్ని అంత హాని చెయ్యని నైట్రేట్‌గా మార్చే దశ రావాలి. దానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అప్పటిదాకా ట్యాంకులో చేపలు వద్దు. మా అబ్బాయి ఆ నెలన్నరా రోజూ టెస్ట్ కిట్‌లో చుక్కలు వేసి రంగు చూసి గోడ మీద చార్ట్ రాసేవాడు. చేపలు వచ్చాక ఆ ఉత్సాహంలో సగం కూడా లేదనుకోండి, అది వేరే విషయం. అరవై లీటర్ల ట్యాంక్ అంటే నీళ్ళే అరవై కిలోలు, పైన గాజు, ఇసుక. ఏ టేబుల్ పడితే ఆ టేబుల్ మీద పెట్టకండి.

పదేళ్ల పాతకాపు:
ఇంత సైన్సు అవసరమా? మా ఇంట్లో గోల్డ్‌ఫిష్ గిన్నెలోనే రెండేళ్లు బతికింది.

నీళ్ళ పిచ్చి:
పదేళ్లు దాటి బతికే చేప రెండేళ్లకే పోతే దాన్ని బతికింది అనరండీ.

పదేళ్ల పాతకాపు:
సరే, చేపలు వద్దనుకుంటే చిన్న తాబేలు తెచ్చుకోవచ్చు. బొటనవేలంత ఉంటుంది.

గినీ పిగ్ అమ్మ:
దయచేసి ఆ సలహా ఇవ్వకండి. తాబేళ్లు ఆరోగ్యంగా కనిపిస్తూనే సాల్మొనెల్లా అనే కడుపు జబ్బు తెచ్చే బాక్టీరియాని మోస్తాయి, పిల్లలేమో పట్టుకున్న చేతులు నోట్లో పెట్టుకుంటారు. ఈ కారణంతోనే అమెరికాలో నాలుగు అంగుళాల లోపు చిప్ప ఉన్న తాబేళ్ల అమ్మకాన్ని 1975లో ఆపేశారు. పైగా అలా చిన్నగా ఉన్నప్పుడు అమ్మే ఎర్ర చెవుల తాబేలు పెరిగి పళ్ళెమంత అవుతుంది, ఇరవై ముప్పై ఏళ్లు ఉంటుంది. పాప పెళ్ళికి కూడా వస్తుంది.

కుక్క ఉన్న ఇల్లు:
అసలు కుక్కని ఎవరూ అనలేదేం? పిల్లలకి కుక్కని మించిన తోడు లేదు.

అద్దె కష్టాలు:
పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఆరు దాకా ఇంట్లో ఎవరూ లేరని ఆవిడ రాశారు. ఆ పది గంటలు కుక్క ఎవరితో మాట్లాడుతుంది? మొరుగుతుంది, పక్కింటివాళ్ళు రాస్తారు, ఏజెంట్ నుంచి ఇంకో ఉత్తరం.

కుక్క ఉన్న ఇల్లు:
ఆ మాట నిజమే. నేను ఇంటి నుంచి పని చేస్తాను, అందుకే నాకు కుదిరింది.

ఇద్దరు పిల్లల నాన్న:
ఒక్క మాట. పాపకి ఆస్తమా, ఎలర్జీ ఏమైనా ఉందా? బొచ్చు తక్కువ ఉన్న రకం తెస్తే చాలని మాకెవరో చెబితే నమ్మాం. ఎలర్జీ బొచ్చు వల్ల కాదు, లాలాజలంలో, రాలే చర్మపు పొట్టులో ఉండే ప్రోటీన్ల వల్ల. ఎలర్జీ రాని జాతి అని ఖచ్చితంగా చెప్పగలిగేది ఒక్కటీ లేదు. ఆరు వారాలకే పిల్లిని వెనక్కి ఇవ్వాల్సి వచ్చింది. మా వాడు నాతో వారం రోజులు మాట్లాడలేదు. తెచ్చే ముందు ఆ జంతువు ఉన్న ఇంట్లో పాపని రెండు మూడు సార్లు గంటల తరబడి కూర్చోబెట్టి చూడండి.

గినీ పిగ్ అమ్మ:
అది మా ఇంట్లోనే చెయ్యొచ్చు. వచ్చే నెల మేం మూడు వారాలు ఊరెళ్తున్నాం, ఇప్పుడు మా దగ్గరున్న రెండు గినీ పిగ్‌లనీ ఎవరికి అప్పజెప్పాలో తెలియక టెన్షన్ పడుతున్నాను. ఈలోపు ఆదివారాలు పాపని తీసుకురండి. నచ్చితే ఆ మూడు వారాలూ మీ దగ్గర ఉంచుకోండి. బోను, గడ్డి నేనే ఇస్తాను. ఏడేళ్ల పాప బోను శుభ్రం చేస్తుందని మాత్రం అనుకోకండి. క్యాప్సికం ముక్కలు పెడుతుంది, నీళ్ళ సీసా నింపుతుంది, పేర్లు మారుస్తుంది. మిగతాదంతా మీరే.

కొత్తగా వచ్చినవాళ్ళం:
అందరికీ చాలా థాంక్స్. నిన్న రాత్రి లీజు తీశాం. "లిఖితపూర్వక అనుమతి లేకుండా ఏ జంతువూ ఉండరాదు" అనే ఉంది. ఏజెంట్‌కి రెండు గినీ పిగ్‌లు, మూడు వారాలు అని రాసి పంపాను. ఇవాళే సరేనని జవాబిచ్చారు. పాపకి ఎలర్జీలేం లేవు, అయినా ఈ ఆదివారమే వస్తాం. హామ్‌స్టర్ ఎందుకు వద్దో వివరిస్తే "రాత్రి నేనూ మేలుకుంటాను" అంది. గినీ పిగ్‌ల వీడియో చూపించాక కాస్త మెత్తబడింది. అక్కా, గడ్డి రోజుకి ఎంత పడుతుంది?

గినీ పిగ్ అమ్మ:
ఒక్కోదానికి దాని ఒళ్ళంత కుప్ప. సగం తింటాయి, సగం మీ సోఫా కింద దొరుకుతుంది.

అద్దె కష్టాలు:
ఏజెంట్ పంపిన ఆ మెయిల్ ప్రింట్ తీసి లీజుతో కలిపి పెట్టారా? ఇవాళే పెట్టండి. గడ్డి వెయ్యకముందు కార్పెట్ ఫోటోలు కూడా.