లాటినా తల్లులు స్కూలు మీటింగులకు ఎందుకు రావట్లేదు?

రమ_ఇర్వింగ్: ఇక్కడ టెక్సాస్‌లో మా చిన్నాడి స్కూల్లో సగం మంది స్పానిష్ మాట్లాడే లాటిన్ అమెరికా కుటుంబాల పిల్లలే. నిన్నటి పేరెంట్స్ మీటింగుకి ఆ తల్లులు వచ్చింది ఇద్దరే. "వీళ్ళకి పిల్లల చదువు పట్టదు" అని మన తెలుగావిడే అంటే చాలా బాధేసింది.

కృష్ణా_తీరం: ఈమెయిల్ అందరికీ వచ్చింది కదండీ. ఇన్నేళ్ళుండి ఇంగ్లిష్ నేర్చుకోకపోతే తప్పెవరిది?

రమ_ఇర్వింగ్: ఉదయం పదింటికి మీటింగ్ పెడితే హోటల్ గదులు తుడిచే మనిషి ఎలా వస్తుంది, ఆ రోజు కూలి పోతుంది. పైగా గుమ్మంలోనే డ్రైవింగ్ లైసెన్స్ స్కాన్ చేస్తారు. టెక్సాస్‌లో వలస కాగితాలు లేనివాళ్ళకి లైసెన్స్ ఇవ్వరు, కాలిఫోర్నియాలో 2015 నుంచి ఇస్తున్నారు.

కృష్ణా_తీరం: నేనడిగింది ఇంగ్లిష్ గురించి.

వేపచెట్టు: మా అమ్మకీ ఇంగ్లిష్ రాదు. మమ్మల్ని చదివించింది ఆవిడే.

కృష్ణా_తీరం: మీ అమ్మగారి సంగతి వేరు. మీటింగులో అనువాదం చేసేవాళ్ళకి ఇచ్చే డబ్బు నా ప్రాపర్టీ ట్యాక్స్‌లోంచే పోతుంది.

రమ_ఇర్వింగ్: వాళ్ళ అద్దెలో ఆ ట్యాక్స్ లేదా? తల్లిదండ్రులకు అర్థమయ్యే భాషలో చెప్పాల్సిన బాధ్యత 1964 పౌరహక్కుల చట్టం కింద స్కూలుదే. ప్లైలర్ కేసు కూడా మన టెక్సాస్‌దే. టైలర్ అనే ఊళ్ళో స్కూళ్ళవాళ్ళు కాగితాలు లేని పిల్లల్ని ఏడాదికి వెయ్యి డాలర్లు కట్టమంటే 1982లో సుప్రీంకోర్టు 5-4తో కుదరదంది.

డల్లాస్_నాన్న: లాటినా అనగానే కాగితాలు లేవనుకుంటారేంటి ఇద్దరూ? సిటిజన్లు బోలెడంతమంది.

రమ_ఇర్వింగ్: నిజమే, ఆ మాట నేనూ ముందే అనాల్సింది. 2011లో నేను హెచ్4 మీద, అంటే భర్త ఉద్యోగ వీసాతో వచ్చే డిపెండెంట్ వీసా మీద ఉన్నాను, పని చేయకూడదు, కారు లేదు. పెద్దమ్మాయి పుడితే అమ్మకి వీసా రాలేదు. పై ఫ్లాట్ మెక్సికన్ ఆవిడే రోజూ సూప్ తెచ్చి, పాపకి స్నానం పోసి వెళ్ళేది. ఒకరి మాట ఒకరికి తెలియదు. ఆవిడ ఇప్పుడు మనవాళ్ళ ఇళ్ళే క్లీన్ చేస్తోంది. మీ ఇంటికొచ్చే ఆవిడని కాగితాలు అడిగారా కృష్ణా గారూ?

కృష్ణా_తీరం: నా ఇంటి జోలికి రాకండి! పదమూడేళ్ళుగా గ్రీన్‌కార్డు లైన్లో ఉన్నాను. నాన్న పోయినప్పుడు వెళ్తే తిరిగి రావడానికి వీసా స్టాంపింగ్ దొరక్క ఇక్కడ ఉద్యోగం పోతుందని ఆగిపోయాను. కొడుకునై ఉండి దహనం ఫోన్లో చూశాను. రూల్ పాటిస్తే నాకు దక్కింది అదీ. పాటించనివాళ్ళ కోసం అన్నీ మార్చాలంటే కడుపు మండుతుంది. ఇంగ్లిష్ సంగతి కాదు, నా బాధ ఇది.

వేపచెట్టు: అయ్యో.

రమ_ఇర్వింగ్: మీ ఇంటి మాట ఎత్తడం నా తప్పే, క్షమించండి. కానీ మీ లైన్ కదలనిది గ్రీన్‌కార్డుల్లో ఒక్కో దేశానికి 7 శాతం అన్న పరిమితి వల్ల. ఆ తల్లులు మీ ముందుకొచ్చి దూరలేదు, వాళ్ళలో చాలామందికి నిలబడటానికి అసలు లైనే లేదు.

కృష్ణా_తీరం: 7 శాతం సంగతి నాకు మీరు చెప్పక్కర్లేదు.

డల్లాస్_నాన్న: సాయంత్రం ఆరున్నరకి పెడితే మా ఆవిడా రాగలదు.

రమ_ఇర్వింగ్: ప్రిన్సిపల్‌కి ఇవాళే రాస్తున్నాను. లైసెన్స్ బదులు వాళ్ళ దేశపు కాన్సులేట్ ఇచ్చే గుర్తింపు కార్డు చూపిస్తే చాలా అని కూడా అడుగుతాను. ఎవరెవరు సంతకం పెడతారు?

వేపచెట్టు: నేను.

కృష్ణా_తీరం: టైం మార్చడానికైతే పెడతాను. కార్డు సంగతికి పెట్టను.