హెచ్‌ఆర్ అనలిటిక్స్ మొదలుపెట్టే ముందు ఏది సరిచేసుకోవాలి?

నమస్కారం. జడ్చర్ల దగ్గర ఒక మందుల కర్మాగారంలో మానవ వనరుల విభాగం చూస్తున్నాను. హెచ్‌ఆర్ అనలిటిక్స్, అంటే సిబ్బంది వివరాలను విశ్లేషించి ఎవరు ఉద్యోగం మానేయబోతున్నారో ముందే అంచనా వేసే సాఫ్ట్‌వేర్ కొందామని యాజమాన్యం ఉత్సాహపడుతోంది. నాకే ధైర్యం చాలడం లేదు.

మా దగ్గర హాజరు వేలిముద్ర యంత్రంలో, జీతాలు ఎక్సెల్‌లో, సెలవులు ఇప్పటికీ ఎర్ర అట్ట రిజిస్టరులో ఉంటాయి. ఒకే మనిషి ఒకచోట వెంకటయ్య, ఇంకోచోట వెంకయ్య, మూడోచోట బి. వెంకట్. కాంట్రాక్టు కార్మికుల వివరాలైతే కాంట్రాక్టరు మస్టరులోనే. నాట్ల రోజుల్లో, బతుకమ్మ వారంలో గైర్హాజరు పెరుగుతుందని తెలుసుకోవడానికి సాఫ్ట్‌వేర్ ఎందుకని మా సూపర్‌వైజర్ నవ్వుతాడు. ఆయన మాటా కొట్టిపారేయలేను.

1990లో టోర్నాట్‌జ్కీ, ఫ్లైషర్ అనే పరిశోధకులు ప్రతిపాదించిన చట్రం ప్రకారం కొత్త పరిజ్ఞానాన్ని సంస్థ స్వీకరించడం మూడింటిపై ఆధారపడుతుంది: సాంకేతికత, సంస్థ, బయటి వాతావరణం. చదవడానికి బాగానే ఉంది. కానీ మాలాంటి చోట ముందు అడ్డుపడేది ఏది? లెక్కలు విశ్లేషించగల మనిషి లేకపోవడమా, డేటా శుభ్రంగా లేకపోవడమా, పైవాళ్ల ఆసక్తి మూడు నెలలకే చల్లారడమా? 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చాక మీరు కార్మికులకు ఏం చెప్పి వారి సమాచారం వాడుతున్నారు?

మూడు నాలుగు వందల మంది పనిచేసే సంస్థలో దీన్ని నడిపినవారు ఉంటే చెప్పండి. కొని మూలన పడేసినవారి అనుభవమైతే మరీ మంచిది.